ఫ్రెట్లు అరిగేదాకా: స్టీవీ రే వాన్ కథ

మా హాస్టల్ మూడో అంతస్తు కామన్ రూమ్‌లో ఒక గిటార్ ఉంది. అది ఎవరిదో ఎవరికీ తెలీదు. ఏదో బ్యాచ్ సీనియర్ పాసై వెళ్లిపోతూ వదిలేశాడంటారు. అప్పట్నుంచి గిటార్ సరదా పుట్టిన ప్రతివాడూ దాని మీదే మొదలెడతాడు. అందరూ నేర్చుకునేవి అవే నాలుగు కార్డులు కాబట్టి అందరి వేళ్లూ మొదటి మూడు ఫ్రెట్ల మీదే పడతాయి. పోయిన సెమిస్టర్‌లో అది జుయ్‌మనడం మొదలెట్టింది. తీగలు మార్చాం, అయినా పోలేదు. షాపుకి పట్టుకెళ్తే అక్కడాయన అర నిమిషం చూసి, దీని మీద డబ్బులు తగలెయ్యకండి, కొత్తది కొనుక్కోండి అని పంపించేశాడు.

ఎందుకో మనసొప్పలేదు. అసలు ఫ్రెట్ ఎందుకు అరుగుతుంది, ఎప్పుడు బాగుచెయ్యొచ్చు, ఎప్పుడు మార్చాల్సిందే అని వెతుక్కుంటూ పోతే, మనమెవరం పుట్టకముందే చనిపోయిన ఒక మనిషి దగ్గర ఆగాను. ప్రపంచంలో ఫ్రెట్లు అరగదీసినవాళ్ల లిస్టు రాస్తే పైవరసలో ఉండే పేరు అతనిది. స్టీవీ రే వాన్.

ఓక్ క్లిఫ్ అన్నదమ్ములు

స్టీవీ 1954 అక్టోబర్ 3న అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం, డల్లాస్ నగరంలో పుట్టాడు. ఓక్ క్లిఫ్ అనే పేటలో పెరిగాడు. తండ్రి ఆస్బెస్టాస్ పనిచేసే కార్మికుడు. పని దొరికిన ఊరికల్లా సంసారాన్ని తిప్పేవాడు. తాగేవాడు, తాగితే కోపం ఆగేది కాదు. స్టీవీ ఇంట్లో భయంభయంగా పెరిగిన పిల్లాడు.

అన్న జిమ్మీ మూడున్నరేళ్లు పెద్ద. గిటార్ ముందు పట్టింది అన్నే. ఏడేళ్లప్పుడు స్టీవీకి ఒక బొమ్మ గిటార్ కొనిచ్చారు. అసలు గిటార్లు మాత్రం అన్న వాడి వదిలేసినవే తమ్ముడికి దక్కేవి. మన ఇళ్లల్లో అన్న చొక్కాలు తమ్ముడికి వచ్చినట్టే. నొటేషన్ చదవడం అతనికి రాదు. రికార్డు పెట్టుకోవడం, విన్నది వేళ్లతో వెతుక్కోవడం, దొరికేదాకా మళ్లీ పెట్టుకోవడం, అదే అతని చదువు. లానీ మ్యాక్, ఆల్బర్ట్ కింగ్, జిమీ హెండ్రిక్స్ ఇలా చెవి ద్వారా వచ్చిన గురువులే.

కుర్రతనంలో ఒక హోటల్లో గిన్నెలు కడిగే పనికి చేరాడు. గంటకి 70 సెంట్లు. ఒకరోజు పనిచేస్తూ వాడేసిన నూనె పోసే పీపాలో పడ్డాడు. బయటికొచ్చాక ఆ పని మానేశాడు, ఇక గిటార్ తప్ప వేరే పని చెయ్యనని తేల్చేసుకున్నాడు. హైస్కూల్ పూర్తి చెయ్యకుండానే, 17 ఏళ్ల వయసులో డల్లాస్ వదిలి ఆస్టిన్ నగరానికి వెళ్లిపోయాడు.

ఇక్కడ ఒక మాట. చదువు మానేస్తే స్టీవీ అయిపోతామని నేను చెప్పడం లేదు. ఆస్టిన్‌లో తర్వాతి పదేళ్లు అతను పడ్డ పాట్లు చూస్తే ఆ ఆలోచన ఎవరికైనా పోతుంది. సొంత గది లేదు. స్నేహితుల ఇళ్లల్లో పడుకునేవాడు. ఒక బ్యాండ్ విడిపోతే ఇంకో బ్యాండ్. రాత్రంతా క్లబ్బుల్లో వాయించడం, చిల్లర డబ్బులతో బతకడం. 1975లో ఆస్టిన్‌లో ఆంటోన్స్ అనే బ్లూస్ క్లబ్ తెరిచారు. స్టీవీ చిన్నప్పట్నుంచి రికార్డుల్లో వింటున్న ఆల్బర్ట్ కింగ్ అక్కడికొచ్చినప్పుడు, ఈ కుర్రాడిని పక్కన నిలబెట్టుకుని వాయించనిచ్చాడు. 1978కల్లా డబుల్ ట్రబుల్ అనే సొంత బ్యాండ్ తయారైంది. డ్రమ్స్ క్రిస్ లేటన్, కొన్నాళ్లకి బేస్ గిటార్ టామీ షానన్. చివరిదాకా ఆ ముగ్గురూ విడిపోలేదు.

నంబర్ వన్

1970ల మొదటి సగంలో ఆస్టిన్‌లో రే హెన్నిగ్ అనే ఆయన షాపులో స్టీవీకి ఒక పాత ఫెండర్ స్ట్రాటోకాస్టర్ దొరికింది. అప్పటికే ఎవరో వాడేసిన గిటార్. చూడ్డానికి ఏమీ బాగోదు. స్టీవీ తన దగ్గరున్న వేరే గిటార్ ఇచ్చేసి దీన్ని తీసుకున్నాడు. దీనికే నంబర్ వన్ అని పేరు. పికప్‌ల మీద 59 అని రాసుండటంతో అతను దాన్ని 1959 గిటార్ అనుకునేవాడు. నిజానికి బాడీ 1963ది, నెక్ 1962ది. హెండ్రిక్స్ మీద అభిమానంతో దానికి ఎడమచేతివాళ్లు వాడే ట్రెమొలో పెట్టించుకున్నాడు. వాయించి వాయించి ముందువైపు రంగంతా లేచిపోయి కర్ర బయటపడింది. ఫొటోల్లో చూసినవాళ్లకి గుర్తుండేది ఆ లేచిపోయిన రంగే. కానీ అసలు అరుగుదల ఫ్రెట్ల మీద జరిగింది.

ఎందుకో చూద్దాం. ఇది మన సబ్జెక్టే.

మామూలు ఎలక్ట్రిక్ గిటార్‌కి వాడే సన్నతీగ మందం 0.010 అంగుళం. స్టీవీ వాడింది 0.013. అన్నిటికన్నా లావు తీగ 0.058, అంటే దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్లు. తీగ పొడవు, స్వరం మారకుండా ఉంటే తీగలో బిగువు దాని బరువుని బట్టి పెరుగుతుంది. బరువు వ్యాసం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 13ని 10తో భాగించి వర్గం చేస్తే 1.69. అంటే 69 శాతం ఎక్కువ బిగువు. స్టీవీ గిటార్‌ని అర స్వరం తగ్గించి శ్రుతి చేసుకునేవాడు కాబట్టి అందులో 11 శాతం దాకా తగ్గుతుంది. అయినా మామూలు గిటార్ కంటే ఒకటిన్నర రెట్లు బిగువు మిగులుతుంది. ఆ తీగని అతను నొక్కి ఊరుకోడు, పక్కకి లాగుతాడు. గిటార్ వాళ్ల భాషలో బెండ్ అంటే అదే. అంత బిగువున్న తీగ ఫ్రెట్ మీద అడ్డంగా రాసుకుంటూ పోతుంది, మళ్లీ వెనక్కి వస్తుంది. రాత్రికి కొన్ని వందలసార్లు, ఏళ్ల తరబడి.

ఫ్రెట్ చేసేది నికెల్ సిల్వర్‌తో. పేరులో సిల్వర్ ఉంది గానీ అందులో వెండి లేదు. రాగి, జింక్, నికెల్ కలిపిన మిశ్రమం. తీగ ఉక్కు. ఉక్కు గట్టిది, ఇది మెత్తనిది. కాబట్టి ఓడేది ఫ్రెట్టే. తీగ లావయ్యేకొద్దీ, నొక్కే బలం పెరిగేకొద్దీ, బెండ్లు ఎక్కువయ్యేకొద్దీ అరుగుదల పెరుగుతుంది. స్టీవీ దగ్గర ఈ మూడూ ఉన్నాయి.

ఫ్రెట్లు ఇలా అయితే వేళ్ల సంగతేంటి? వేలి చివర చర్మం ఊడొచ్చేది. అలాంటప్పుడు సూపర్ గ్లూతో అతికించుకుని స్టేజ్ ఎక్కేవాడు. దయచేసి ఇది ఎవరూ ట్రై చెయ్యకండి.

మాంట్రో నుంచి ప్రపంచానికి

1982 జులైలో స్విట్జర్లాండ్‌లోని మాంట్రో జాజ్ ఫెస్టివల్‌లో వాయించే అవకాశం వచ్చింది. అప్పటికి వాళ్ల ఆల్బమ్ ఒక్కటీ లేదు. మెత్తటి అకూస్టిక్ బ్లూస్ వినడానికి వచ్చిన జనం ముందు వీళ్లు ఫుల్ సౌండ్‌తో మొదలెట్టేసరికి కొందరు ఈలలేసి గోల చేశారు. స్టీవీ మనసు విరిగిపోయింది. కానీ అతని వాయింపు విన్నవాళ్లలో డేవిడ్ బోవీ ఉన్నాడు, జాక్సన్ బ్రౌన్ ఉన్నాడు. బ్రౌన్ లాస్ ఏంజెలెస్‌లోని తన స్టూడియోని మూడు రోజులు ఉచితంగా వాడుకోమన్నాడు. బోవీ తన తర్వాతి ఆల్బమ్‌కి గిటార్ వాయించడానికి పిలిచాడు. 1983లో వచ్చిన లెట్స్ డ్యాన్స్ ఆల్బమ్‌లో లీడ్ గిటార్ మన స్టీవీదే.

బ్రౌన్ స్టూడియోలో రికార్డ్ చేసిన టేపులు జాన్ హ్యామండ్ అనే పెద్దాయనకి చేరాయి. బాబ్ డిలన్‌ని రికార్డుల లోకంలోకి తెచ్చింది ఆయనే. ఆయన చెయ్యేస్తే 1983 జూన్‌లో టెక్సస్ ఫ్లడ్ విడుదలైంది. సింథసైజర్లు రాజ్యమేలుతున్న కాలంలో ఒక గిటార్, ఒక బేస్, ఒక డ్రమ్స్‌తో చేసిన బ్లూస్ ఆల్బమ్ జనానికి ఎక్కేసింది. మరుసటేడాది ఇంకో ఆల్బమ్, 1985లో మరొకటి. బోవీ టూర్‌కి వెళ్లే అవకాశం చేతిదాకా వచ్చినా, బయటికొచ్చేసి తన బ్యాండ్‌తోనే ఉన్నాడు.

రెనే మార్టినెజ్ పని

ఈ కథలో అందరికీ తెలియని మనిషి ఒకాయన ఉన్నాడు. డల్లాస్‌లో చార్లీ విర్జ్ అనే ఆయనకి గిటార్ షాపు ఉండేది. స్టీవీ గిటార్లకి ఏ రోగమొచ్చినా అక్కడికే. ఆ షాపులో పనిచేసిన రెనే మార్టినెజ్ 1985 నుంచి చివరిదాకా స్టీవీతో ఊరూరా తిరిగిన గిటార్ టెక్నీషియన్. ఆ ఏడాదే చార్లీ చనిపోయాడు. స్టీవీ లైఫ్ వితౌట్ యు పాటని ఆయనకే అంకితమిచ్చాడు.

తీగలు బ్రిడ్జ్ దగ్గర పదునుకి తెగిపోతుంటే, రెనే కరెంటు వైరు మీద ఉండే ప్లాస్టిక్ తొడుగు ముక్క కోసి తీగకి తొడిగాడు. తెగడం తగ్గింది. మంచి ఇంజినీరింగ్ ఎప్పుడూ ఖరీదైనదే కానక్కర్లేదని నాకర్థమైంది అక్కడే.

ఇక ఫ్రెట్ల పని. తీగ కింద ఫ్రెట్ మీద గుంట పడితే తీగ మామూలు కంటే కిందికి కూర్చుంటుంది. అప్పుడది పక్క ఫ్రెట్‌కి తగిలి జుయ్‌మంటుంది. పైన గుండ్రంగా ఉండాల్సిన ఫ్రెట్ చదునైపోతే తీగ ఆనే చోటు జరిగి స్వరం తేడా వస్తుంది. బెండ్ చేస్తుంటే గుంట అంచు దగ్గర తీగ గీరుకుంటుంది, లేదా శబ్దం మధ్యలో చచ్చిపోతుంది.

గుంటలు లోతు లేకపోతే ముందు లెవెలింగ్ చేస్తారు. నెక్‌ని తిన్నగా చేసి, చదునైన ఆకురాయి లాంటి దానితో అన్ని ఫ్రెట్లనీ ఒకే మట్టానికి అరగదీస్తారు. తర్వాత ఒక్కో ఫ్రెట్ పైభాగాన్ని మళ్లీ గుండ్రంగా చేసి మెరుగు పెడతారు. దీని ఖరీదు ఏంటంటే, ఫ్రెట్ ఎత్తు తగ్గిపోవడం. గుంట పూడదు, గుంట లోతుకి మిగతా అంతా దిగుతుంది. అందుకే లెవెలింగ్ ఎన్నోసార్లు చెయ్యలేం. ఫ్రెట్ ఎత్తు ముప్పావు మిల్లీమీటర్ కన్నా కిందికి వచ్చేసిందంటే పాతది పీకి కొత్తది వెయ్యాలన్నమాట. మొదటి నాలుగైదు మాత్రమే అరిగితే అవి మాత్రమే మార్చే పద్ధతి కూడా ఉంది.

స్టీవీ కోసం నంబర్ వన్‌కి వేసింది జంబో రకం ఫ్రెట్లు. 2.8 మిల్లీమీటర్ల వెడల్పు, 1.4 మిల్లీమీటర్ల ఎత్తు. లోహం ఎక్కువ ఉంటే అరగడానికి ఎక్కువ కాలం పడుతుంది, పెద్ద బెండ్లకి వేలికి పట్టు దొరుకుతుంది. అయినా అతని చేతుల్లో అవీ నిలవలేదు. మళ్లీ మళ్లీ మార్చాల్సి వచ్చింది.

మార్చడం అనగానే టైరు మార్చినట్టు అనుకోవద్దు. మన వీణని గుర్తు తెచ్చుకోండి. దాని 24 మెట్లూ మైనం మీద నిలబడతాయి. మైనం పాడైతే కొత్తది పోసి మెట్లు మళ్లీ శ్రుతికి సర్దుతారు. దండికి దెబ్బ తగలదు. గిటార్‌కి ఆ సుఖం లేదు. ఫ్రెట్ కింద ఒక సన్నటి పలక ఉంటుంది, దాని పక్కల చిన్న పళ్లుంటాయి. అది కర్రలో కోసిన గాడిలోకి దిగి పట్టుకుంటుంది. పీకేటప్పుడు ఎంత జాగ్రత్తగా వేడిచేసి లాగినా ఆ పళ్లు గాడి అంచుల్లో పేళ్లు లేపుతాయి. గాడి వదులవుతుంది. కొత్తవి వేసేముందు కర్రని మళ్లీ చదును చెయ్యాలి, అంటే కొంచెం కర్ర పోతుంది. ఫింగర్‌బోర్డ్ రోజ్‌వుడ్ పలక మందం కొన్ని మిల్లీమీటర్లే. ప్రతి రిపేరూ అందులోంచి కొంత తింటుంది. బాగుచేసిన ప్రతిసారీ, తర్వాత బాగుచెయ్యడానికి మిగిలేది తగ్గుతుంది.

1986

స్టీవీ విషయంలో అరుగుతున్నది గిటార్ ఒక్కటే కాదు. తండ్రి ఇంట్లో చూసిన తాగుడు చిన్నప్పుడే అంటుకుంది. తర్వాత కొకైన్ తోడైంది. ఏడాదంతా టూర్లు, నిద్రలేని రాత్రులు. ఇవి లేకుండా స్టేజ్ మీద నిలబడలేననే నమ్మకం ఒకటి. 1986 ఆగస్టు 27న తండ్రి చనిపోయాడు. సుమారు నెల తర్వాత యూరప్ టూర్‌లో జర్మనీలో స్టీవీ కుప్పకూలాడు. మద్యం, కొకైన్ కలిసి కడుపుని లోపల్నుంచి తినేశాయి. లండన్‌లో డాక్టర్లు చూసి, ఇలాగే సాగితే ఎన్నాళ్లో బతకడని తేల్చారు.

మిగతా టూర్ రద్దు చేశారు. స్టీవీ అమెరికా వెళ్లి అట్లాంటాలో డీఅడిక్షన్ ఆసుపత్రిలో చేరాడు. అదే సమయంలో టామీ షానన్ కూడా ఆస్టిన్‌లో చేరాడు. బయటికొచ్చాక స్టీవీకున్న పెద్ద భయం ఒక్కటే. మందు లేకుండా నేను వాయించగలనా అని.

ఈ భయం గురించి కొంచెం ఆగి ఆలోచించాలనిపించింది. మత్తులో ఉంటేనే కళ పుడుతుందని మన దగ్గర కూడా కొందరు చాలా సీరియస్‌గా చెబుతుంటారు, ముఖ్యంగా శనివారం రాత్రుళ్లు. దానికి స్టీవీ ఇచ్చిన జవాబు 1989లో వచ్చిన ఇన్ స్టెప్ ఆల్బమ్. వ్యసనం నుంచి బయటపడే పన్నెండు మెట్ల పద్ధతిని గుర్తుచేసే పేరు అది. దానికి గ్రామీ వచ్చింది. చేతుల్లో బలం తగ్గలేదు సరికదా, ఇదివరకు హడావిడిగా పోయే చోట ఇప్పుడు నిలకడ వచ్చింది. స్టేజ్ మీద పాటల మధ్యలో ఆగి తన వ్యసనం గురించి దాపరికం లేకుండా మాట్లాడేవాడు. చనిపోయేదాకా, దాదాపు నాలుగేళ్లు, మళ్లీ ముట్టుకోలేదు.

మార్చక తప్పనిది

మనిషి కుదుటపడ్డాడు. గిటార్ మాత్రం హద్దు దాటింది. 1989కల్లా నంబర్ వన్ నెక్ ఇంకో సెట్ ఫ్రెట్లు తట్టుకునే స్థితిలో లేదు. గాడులు పట్టు వదిలేశాయి, చదును చెయ్యడానికి కర్ర మిగల్లేదు. రెనే ఆ నెక్ విప్పి పక్కన పెట్టి, స్టీవీదే ఇంకో స్ట్రాటోకాస్టర్ నెక్ తెచ్చి దీనికి బిగించాడు. ఫెండర్ గిటార్లకి నెక్ బోల్టులతో ఉంటుంది కాబట్టి అది కుదిరింది. పాత నెక్ మాత్రం పారెయ్యలేదు, దాచారు.

1990 వేసవిలో న్యూజెర్సీలో ఒక ప్రోగ్రామ్ దగ్గర స్టేజ్ సామాను పైనుంచి గిటార్ల మీద పడింది. నంబర్ వన్‌కి వేసిన ఆ రెండో నెక్ విరిగిపోయింది. రెనే మళ్లీ కొత్త నెక్ తెప్పించి సిద్ధం చేశాడు.

ఆ ఏడాదే స్టీవీ అన్న జిమ్మీతో కలిసి ఒక ఆల్బమ్ రికార్డ్ చేశాడు. చిన్నప్పుడు అన్న వదిలేసిన గిటార్లు వాయించిన తమ్ముడు, మొదటిసారి అన్నతో సమానంగా నిలబడి చేసిన ఆల్బమ్ అది. 1990 ఆగస్టు 26 రాత్రి విస్కాన్సిన్‌లోని ఆల్పైన్ వ్యాలీలో ప్రోగ్రామ్. చివర్లో ఎరిక్ క్లాప్టన్, బడీ గై, రాబర్ట్ క్రే, జిమ్మీ, స్టీవీ అందరూ ఒకే స్టేజ్ మీద వాయించారు. అర్ధరాత్రి దాటాక షికాగో వెళ్లే హెలికాప్టర్‌లో ఖాళీ ఉంటే స్టీవీ ఎక్కాడు. దట్టమైన పొగమంచులో అది దగ్గర్లోని కొండని ఢీకొట్టింది. లోపలున్న ఐదుగురూ చనిపోయారు. తేదీ ఆగస్టు 27, తండ్రి పోయిన తేదీ. స్టీవీకి అప్పటికి 36 కూడా నిండలేదు.

అన్నదమ్ముల ఆల్బమ్ ఫ్యామిలీ స్టైల్ మరుసటి నెలలో వచ్చింది. 1993లో ఆస్టిన్‌లో నది ఒడ్డున అతని విగ్రహం పెట్టారు. స్టీవీ పోయాక నంబర్ వన్‌కి రెనే దాచిన పాత నెక్‌నే మళ్లీ బిగించాడు. ఇక దాని మీద ఎవరూ బెండ్లు వెయ్యరు కాబట్టి, ఆ అరిగిన ఫ్రెట్లతోనే అది కుటుంబం దగ్గరికి చేరింది.

మన గిటార్ సంగతి

ఇదంతా చదివాక కామన్ రూమ్ గిటార్‌ని మళ్లీ పట్టుకుని కూర్చున్నాం. జుయ్‌మన్న ప్రతి గిటార్‌కీ ఫ్రెట్లు అరిగినట్టు కాదు. నొక్కకుండా వదిలేసిన తీగ మాత్రమే జుయ్‌మంటే పైనున్న నట్ గాడి లోతైందని అర్థం. నెక్ అంతా జుయ్‌మంటే నెక్ వెనక్కి వంగి ఉండొచ్చు. అది లోపలున్న రాడ్ తిప్పితే సరిపోతుంది. ఒకే చోట జుయ్‌మంటే ఆ ఫ్రెట్‌లో గుంట ఉందేమో, లేదా పక్క ఫ్రెట్ పైకి లేచిందేమో చూడాలి. మా గిటార్‌లో మొదటి మూడు ఫ్రెట్ల మీద సన్న తీగల కింద గోరుకి తగిలే గుంటలున్నాయి. మిగతావి కొత్తవాటిలా ఉన్నాయి. ఎత్తు ఇంకా ఒక మిల్లీమీటర్ దగ్గరే ఉంది. అంటే మార్చక్కర్లేదు, లెవెలింగ్ చాలు.

ఫ్లోర్‌లో తలా కొంత వేసుకుని, ఊళ్లో వాద్యాలు బాగుచేసే ఇంకొకాయన దగ్గరికి తీసుకెళ్లాం. ఒక పూటలో అయిపోయింది. కొత్త గిటార్ ఖరీదులో అది చాలా చిన్న భాగం. ఇలాంటి లెవెలింగ్ ఇంకొకటి తట్టుకుంటుందట, ఆ తర్వాత ముందున్న ఫ్రెట్లు మార్చాల్సిందే. కాబట్టి జూనియర్లకి మనవి: అవసరమైనంతే నొక్కండి, వాయించాక తీగలు పొడిగుడ్డతో తుడవండి. మురికి పట్టిన తీగ ఆకురాయిలా పనిచేస్తుంది. గిటార్ కామన్ రూమ్‌లో బీరువా పక్కనే ఉంది.